మంచెలు అరచునా?

"వాడితో మనకెందుకమ్మా, వాడిదంతా వితండవాదం" అని వీధి యరుగుమీద కూర్చుండి చేటలో బియ్యము చెరుగుచు ఒక ముసలమ్మ పొరుగింటి కోడలితో అన్నప్పుడు, ఆమె నోట అంత సునాయాసముగ వెలువడిన ఆ మాట, ఇంచుమించు 1,800 ఏండ్ల క్రిందట శాస్త్రకారులు మనుష్యులు చేయు వాదములను మూడు తెగలుగా విభజించి, అందు కడపటిదానికి నిర్ణయించిన పారిభాషిక నామమని ఆమెకు తెలియదు; తెలియవలసిన యవసరమును లేదు. సిద్ధాంతము, పూర్వపక్షము, దృష్టాంతము, హేతువు, జల్పనము అని మనము దినదినము పలుకు మాటలన్నియు ఆ గనినుండి త్రవ్వి తెచ్చినవే. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంతమాత్రమున కాకి బరువునకే పండు రాలినదని తలపరాదను విచారము "కాకతాళీయ"మను ఒక్క పదములో ఇమిడి, అక్షరజ్ఞానము లేనివారి వ్యవహారములో సైతము స్థిరపడిపోయినది.

పండితుల మాటలిట్లుండగా, పల్లెవారు వాదదోషములకు తమంత తాము పెట్టుకొన్న పేర్లు వేరుగా కలవు. పొంతనలేని రెండు సంగతులను కలిపి తీర్పు చెప్పువాడు బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టినవాడు. పదిమందియు పోవుచున్నారు గావున అదియే సరియైన త్రోవ యనుట గొర్రెదాటు. ఎన్ని సాక్ష్యములు చూపినను చలింపనివానికి తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మూలమున ఉన్న మాట నిజమా కాదా యని విచారింపక దానిమీద కార్యభారమంతయు మోపువాడు, ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నవాడు. ఇవి గ్రంథములనుండి దిగివచ్చినవి కావు; రచ్చబండలమీద, పెండ్లిమాటలలో, గట్టుతగవులలో మాటకు మాట తగిలి నలిగిన యనుభవమున పుట్టినవి. ఈ రెండు ధారలును తెలుగువారి నాలుకమీద కలిసినవి గాని, ఈ పేర్లు మొదట ఎవరికొరకు, ఏ పనికొరకు పుట్టినవి, పిమ్మట ఏ పనికి వినియోగపడినవి యను వృత్తాంతము నా మనస్సును చిరకాలమునుండి తొలుచుచున్నది. ఎదుటివానిని పడగొట్టుటకని మనము నేడు వాడు ఈ పనిముట్లు తొలుత తన తలపును తాను వడపోసికొనుటకు చేసికొన్నవని నా నమ్మకము. ఆ నమ్మకమునకు ఆధారమేమో చూపుటకే ఈ వ్యాసము.

వాదరీతులను తెలుపు మన ప్రాచీన గ్రంథములలో ఒకటి తర్కశాస్త్రము కాక వైద్యశాస్త్రమగుట గమనింపదగినది. చరకసంహితలోని విమానస్థానము 8వ అధ్యాయమున వైద్యుడు వైద్యునితో ఎట్లు సంభాషింపవలెనో సవిస్తరముగ చెప్పబడినది. రోగి మంచముప్రక్కన ఇద్దరు వైద్యులు భిన్నాభిప్రాయులైనచో మాటలోని తప్పు మనిషి ప్రాణమునకు వచ్చును గదా! అందువలన సంభాషణమును వారు రెండుగా విభజించిరి: స్నేహభావముతో కలిసి విచారించునది సంధాయసంభాష; తగవుపెట్టుకొని గెలుపుకొరకు చేయునది విగృహ్యసంభాష. మొదటిదానినిగూర్చి చెప్పునప్పుడు ఆ గ్రంథము ఎంతో ప్రసన్నముగ నుండును: నిర్భయముగ అడుగుము, అడిగిన నిర్భయముగ చెప్పుము, ఓడినందులకు కుందకుము, గెలిచినందులకు పొంగకుము అను ధోరణి. రెండవదానికి వచ్చుసరికి స్వరము మారిపోవును. శాస్త్రము ఎక్కువ చదువనివానిని దీర్ఘమైన సూత్రపాఠముతో అణచవలెననియు, జ్ఞాపకశక్తి తక్కువైనవానిని చిక్కుపడిన పెనువాక్యములతో తికమకపెట్టవలెననియు, కోపిష్ఠిని మరింత రెచ్చగొట్టి అలయించవలెననియు అందులోనే బోధింపబడినది. ఒక్క అధ్యాయములో, ఒక్క వైద్యవిద్యార్థికే, ఈ రెండు విద్యలును! ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు బాధ కలుగును. అయినను ఆ గ్రంథకర్తలు దాచక చెప్పినందులకు గౌరవమును కలుగును. ఏలయన వాదదోషముల చరిత్రయంతయు ఈ రెండు సంభాషల నడుమ సాగిన పెనుగులాటయే. వాదమార్గమున తెలియదగినవని అచ్చట 44 పదములు లెక్కింపబడినవి. హేతువువలె కనబడియు హేతువు కాని "అహేతువు" వానిలో నొకటి.

అక్షపాద గౌతముని పేర వెలసిన న్యాయసూత్రములు క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో రూపుగట్టినవి. వాని తొలి సూత్రము తెలియదగిన 16 పదార్థములను పేర్కొనును. ఆ పట్టికను మొదటిసారి చూచినవానికి కొంత విస్మయము కలుగక మానదు. ప్రమాణము, ప్రమేయము మొదలుకొని నిర్ణయమువరకు జ్ఞానమును పొందు మార్గము. తక్కిన భాగమంతయు వాదము, జల్పము, వితండ, హేత్వాభాస, ఛలము, జాతి, నిగ్రహస్థానము అని వాదమును, వాదమున జరుగు మోసమును, పొరపాటును! మోక్షమునకు త్రోవ చూపుదునని ప్రతిజ్ఞచేసిన శాస్త్రము మాటల తప్పుల కింత చోటిచ్చుట ఏలయని పెద్దలు తర్కించిరి. తప్పుడు హేతువును హేతువని నమ్మినవాడు తనను తాను మోసగించుకొనును, ఆ మోసము తెలియనంతకాలము ఏ సత్యమునకును చేరలేడు అనుట వారి యుత్తరము.

ఆ మూడు సంభాషణముల తారతమ్యము ఇట్టిది. వాదమన గురువుతో, శిష్యునితో, సహాధ్యాయులతో, శ్రేయస్సు కోరు అసూయలేనివారితో నిజము తెలిసికొనుటకు చేయునది. జల్పమన గెలుపుకొరకు చేయునది. వితండయన తనదని చెప్పుకొనుటకు ఒక పక్షము నిలుపుకొనక ఎదుటివాని పక్షమును చెరచుటయే పనిగా పెట్టుకొన్నది. మరి ఈ కడపటి రెండును ఏల నేర్పవలెను? మొలకెత్తు విత్తనములను పశువులనుండి కాపాడుటకు ముండ్లకొమ్మలతో కంచె కట్టినట్లు, అంకురించిన సత్యమును కాపాడుకొనుట కివి యని సూత్రకారుని సమాధానము. తుమ్మకంపతో నారుమడికి కంచె వేసిన ప్రతి రైతునకును ఈ ఉపమానము బోధపడును. కంచెకు పంట పండదని అతనికి తెలియును. కంప చేనంతయు ఆక్రమించినచో నాగలి సాగదనియు అతనికి తెలియును. వాదశాస్త్రమున కంప ఎంతవరకు పాకినదో చెప్పుటకు పెక్కు శతాబ్దుల కథ కావలెను.

ఛలము మూడు విధములు. పలికినవాని యభిప్రాయమును విడిచి పలికిన మాటకు వేరొక యర్థము కల్పించి తప్పుపట్టుట వాక్ఛలము. ఒకడు క్రొత్త కంబళి కప్పుకొన్నాడను భావముతో "ఇతడు నవకంబళుడు" అనగా, "వీనికి తొమ్మిది కంబళ్ళెక్కడివి? ఒక్కటియే గదా యున్నది!" అని ఎదుటివాడు ఎగతాళి చేయును, సంస్కృతమున "నవ" యనిన క్రొత్తదియు తొమ్మిదియు. ఒక సాధారణమైన మాటను దాని మేరకు మించి సాగదీసి ఖండించుట సామాన్యచ్ఛలము. మూడవదియగు ఉపచారచ్ఛలమునకు పెద్దలిచ్చిన యుదాహరణము తెలుగువానికి మిక్కిలి ఆత్మీయముగ తోచును. "మంచెలు అరచుచున్నవి" అని ఒకడనును. జొన్నచేను కంకి వేసిన దినములలో వేకువనే చేలమీదుగ నడచిపోయినవానికి ఈ మాటలో చిత్రమేమియు కనబడదు. మంచెమీద నిలుచుండి వడిసెల త్రిప్పుచు పిట్టలను తోలు మనుష్యుల కేకలు నలుదెసలను వినబడుచుండును. ఛలవాది మాత్రము, "కర్రలతో కట్టిన మంచెలు అరచునా? అరచునది మనుష్యులు గదా!" అని అడ్డుపడును. సంస్కృతమునందలి మంచమే మన మంచె. ఎచ్చటి భాష్యకారుడో చెప్పిన మాట మన జొన్నచేనిలో అట్లే నిలిచియున్నది. ఈ ఛలవాదిని మనమందరము ఎరుగుదుము. "ఊరంతయు నవ్వినది" అనిన "ఊరిలోని పసిబిడ్డలును నవ్విరా?" అని యడుగువాడు ప్రతి బంధువర్గమునను ఒక్కడైనను ఉండును. అతని ప్రశ్నకు సమాధానము చెప్పబోయిన క్షణముననే అసలు సంగతి చేజారిపోవును.

జాతులు 24. పోలికను ఆధారము చేసికొని పెట్టు పనికిరాని ఆక్షేపణలవి. చేయబడినది గావున శబ్దము కుండవలె అనిత్యమని ఒకడనగా, కుండవలె అయినచో శబ్దమునకు కుండకున్న రంగును ఉండవలెను గదా యని మరియొకడు పోలికను దాని పరిమితికి మించి లాగును. సంసారము రెండు చక్రముల బండివంటిదని పెద్దలు చెప్పగా, ఎడ్లెవరని యడుగుట వంటిది.

నా కన్నిటికంటె విలువైనవిగా తోచినవి 22 నిగ్రహస్థానములు, అనగా వాది పట్టుపడు తావులు. న్యాయసూత్రములలో 5వదియు చివరిదియు అగు అధ్యాయపు రెండవ భాగమంతయు వీనికే వినియోగింపబడినది. వీనిని మన సామెతల ప్రక్కన పెట్టి చూచిన, పండితుడును పల్లెటూరివాడును ఒకే మనుష్యస్వభావమును రెండు వైపులనుండి చూచి గుర్తుపట్టిరని స్పష్టమగును. ప్రస్తుతమును విడిచి మరియొక విషయమునకు దారి మరల్చుట అర్థాంతరము. అది మన రామాయణములోని పిడకలవేట. చెప్పినదే మరల చెప్పుట పునరుక్తము; అది పాచిపళ్ళ దాసరి పాట. ఓడిపోవు సూచన కనబడగానే "నాకు పనియున్నది, పోయివత్తు" నని లేచిపోవుట విక్షేపము. దీనికి ఏ యూరనైనను సాక్ష్యములు దొరకును. తనపై మోపిన నిందను తొలగించుకొనక "నీవును అట్టివాడవే" అని తిరిగి నిందించుట మతానుజ్ఞ. "నీవు దొంగవు" అనగా "నీవును దొంగవే" యనువాడు తన దొంగతనమును ఒప్పుకొన్నట్లేయని ఆ పేరు చెప్పుచున్నది. మతానుజ్ఞయన ఎదుటివాని మతమును అంగీకరించుట. గురివింద సామెత ఎదుటివానిని ఎత్తిపొడుచుటతో ఆగిపోవును. శాస్త్రము ఇంకొక యడుగు వేసి, ఎత్తిపొడిచినవాడు తన యుత్తరమును ఇంకను బాకీపడియే యున్నాడని జ్ఞాపకము చేయును. ఈ సూక్ష్మత నాకు సామెతలో దొరకలేదు.

ఈ 22లో "అననుభాషణ" మను నొకటి యున్నది. ప్రతివాది తన మాటను మూడుసార్లు చెప్పి, సభవారికది బోధపడిన తరువాతను, దానిని తిరిగి తన నోట పలుకలేనివాడు ఓడినట్లే. అనగా ఖండించుటకు ముందు, ఖండింపబడు మాటను ఖండించువాడు యథాతథముగ అప్పగింపవలెను. ఎదుటివాడు అననిదానిని అన్నట్లు కల్పించి దానిని చీల్చి చెండాడుట నేటి వాగ్యుద్ధములలో అన్నిటికంటె తరచుగ కనబడు దోషము. దానికి మూలమునందే మందు పెట్టిన నియమమిది. దీనికి జోడైన మరియొక నియమమును కలదు: మూడుసార్లు చెప్పినను సభకును ప్రతివాదికిని బోధపడనట్లు మాట్లాడినవాడును ఓడినట్లే, దాని పేరు అవిజ్ఞాతార్థము. వినువాని బాధ్యత యొకటి, చెప్పువాని బాధ్యత యొకటి. మన గ్రంథములు పూర్వపక్షమును సాంగముగ నిలిపిన పిమ్మటగాని సిద్ధాంతమునకు రాకుండుటకు ఈ యభ్యాసమే బలమిచ్చియుండునని నే ననుకొందును. మరి యొక మాట. ఈ తావులన్నిటిని స్నేహవాదమున ఎత్తిచూపరాదని వ్యాఖ్యాతలు కట్టుబాటు చేసిరి. హేతువులోని దోషము, అవయవములలోని లోపము వంటి కొన్నిటిని మాత్రమే అచ్చట ఎత్తిచూపవచ్చును. మిత్రుడు ఒకచో తడబడెననియో, తటాలున జవాబు తోచలేదనియో అతని నోరు నొక్కుట వాదధర్మము కాదు.

ఈ విద్య బ్రాహ్మణ న్యాయశాలలకే పరిమితమై యుండలేదు. 16 పదార్థములను ఒక్కొక్కదానినే పట్టి ఖండించు వైదల్యప్రకరణము నాగార్జునుని పేర టిబెట్టు భాషలో నిలిచియున్నది. ఆ యాచార్యుని మన కృష్ణాతీరపు శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివేయుచున్నది. కంచి ప్రాంతమున జన్మించెనని చెప్పబడు దిఙ్నాగుడు అటుపిమ్మట వచ్చి, చెదరిపడియున్న హేతుదోషములను ఒక చక్రముగ కూర్చెను. సాధింపదలచిన గుణమున్న తావులన్నిటను హేతువున్నదా, కొన్నిటనే యున్నదా, అసలు లేదా. ఆ గుణము లేని తావులలోను అట్లే మూడు ప్రశ్నలు. వెరసి 9 గళ్ళు. అందు సరియైన హేతువులు 2, విరుద్ధములు 2, ఎటును తేల్పలేనివి 5. చూచుటకు పిల్లల ఆటగీతలవలె ఉన్నను, ఇందులో గొప్ప యెచ్చరిక యున్నది. గుమ్మమునకు బూడిదగుమ్మడికాయ కట్టితిమి, ఏడాదిగా దొంగలు రాలేదు అనువాడు మొదటి వరుసను మాత్రమే చూచినవాడు. కాయ కట్టని యిండ్లలో ఎన్నిటికి దొంగలు రాలేదో లెక్కించువరకు అతని హేతువు హేతువు కాదు. లేని తావును వెదకి చూచుట మనస్సునకు సహజము కాదు. దానిని అలవాటు చేయుటకే ఈ చక్రము.

7వ శతాబ్దిలో చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి, ఏలూరికి చేరువనున్న నేటి పెదవేగియే యని చరిత్రకారులు తలచుచున్న రాజధానికి నైరుతిదిశగ కొంతదూరమున ఒంటరి కొండయొకటి కలదనియు, అచ్చటనే దిఙ్నాగుడు తర్కగ్రంథమును రచించెననియు వ్రాసిపెట్టెను. ఆ యాత్రికుడు స్వదేశమునకు మరలిన తరువాత 647లో శంకరస్వామి రచించిన న్యాయప్రవేశమును, 649లో దిఙ్నాగుని న్యాయముఖమును చీనాభాషలోనికి పరివర్తించెను. న్యాయప్రవేశమున ప్రతిజ్ఞకు 9, హేతువునకు 14, దృష్టాంతమునకు 10, వెరసి 33 దోషములు చెప్పబడినవి. ఆ 33 దోషములను చీనా భిక్షువులు వల్లెవేసిరి. వారినుండి జపాను భిక్షువులు నేర్చి నారా నగరపు ఆరామములలో తరతరములుగ పాఠము చెప్పిరి. వేంగి చేరువ కొండమీద దిఙ్నాగుడు వ్రాసెనని యాత్రికుడు చెప్పిన శాస్త్రము సముద్రములు దాటి, మన యూరి పేరైన నెరుగని పిల్లల నోట నానినదని తలచినప్పుడు, ఆ కొండ ఏదో నిశ్చయించి చూడవలెనని మనసు ఉవ్విళ్ళూరును.

న్యాయవిద్య ఆ తరువాత మిథిలకు పోయి, 14వ శతాబ్దిలో గంగేశుని తత్త్వచింతామణితో అతిసూక్ష్మమైన పరిభాషను సంతరించుకొని, అటనుండి నవద్వీపమునకును పోయినది. దానినిగూర్చి చెప్పుటకు నాకు శక్తియు, ఇచ్చట తావును లేవు. తెలుగువారు ఈ శాస్త్రమునకు చేసిన సేవ వేరొక తీరున నున్నది: కఠినమైనదానిని పిల్లవానికందునట్లు విడమరచుట. మెదకు సీమలోని కొలిచెలమ వంశమునకు చెందిన మల్లినాథుని కాళిదాసకావ్యముల వ్యాఖ్యాతగ లోకమెరుగును. ఆయన వరదరాజు రచించిన తార్కికరక్షకును వ్యాఖ్య వ్రాసెననియు, దానికి నిష్కంటకయని పేరు పెట్టెననియు ఎరిగినవారు తక్కువ. ముండ్లకంచె యని సూత్రకారుడన్న శాస్త్రమునకు ముండ్లులేని వ్యాఖ్య! ఆ పేరు పెట్టునప్పుడు ఆ పాత యుపమానము ఆయన మనస్సున మెదలినదో లేదో గాని, నాకు మాత్రము ఆ రెండు పదములును ఒకదాని నొకటి పిలుచుచున్నట్లే వినబడును.

17వ శతాబ్దివాడగు అన్నంభట్టు తిరుమలార్యుని పుత్రుడు, ఆంధ్రుడు, కాశిలో స్థిరపడినవాడు. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడను నానుడి పుట్టునంతటి ఖ్యాతి గడించెను. ఆయన తర్కసంగ్రహము కొద్ది పుటల పుస్తకము. బాలురకు సుఖముగ బోధపడవలెననియే రచించితినని ఆయనయే చెప్పుకొనెను. దేశమందంతటను తర్కము చదువ మొదలిడువాడు ఇప్పటికిని దానినే చేతపట్టును. హేత్వాభాసలు అందు 5: సవ్యభిచారము, విరుద్ధము, సత్ప్రతిపక్షము, అసిద్ధము, బాధితము. ప్రతిదానికిని ఒక తప్పుడు వాదము మాదిరిగ నీయబడినది. ఆకాశములో పూచిన తామర పరిమళించును, తామర గావున, అను వాదమున తామరయే లేదు. అగ్ని చల్లనిది, ద్రవ్యము గావున, అను వాదమును వ్రేలు కాలినవాడు ఒప్పుకొనడు.

వీనిలో నా హృదయమును చూరగొన్నది పొగ, నిప్పు, తడికట్టెల యుదాహరణము. పొగయున్న చోట నిప్పుండుననుట సత్యము. నిప్పున్న చోట పొగయుండుననుట మాత్రము అసత్యము. కమ్మరి కొలిమిలో ఎర్రగ కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. మరి మన వంటింటిలో నిప్పున్నప్పుడెల్ల పొగ ఎందుకు కనబడుచున్నది? కట్టె తడిది గావున. కంటికి కనబడు రెండు వస్తువుల నడుమ కనబడక పనిచేయు ఆ మూడవదానిని నైయాయికులు ఉపాధి యనిరి. 10వ శతాబ్దివాడగు ఉదయనుని నాటికే దానినిగూర్చి లోతైన చర్చ జరిగినది. పొయ్యిముందు కూర్చుండి గొట్టముతో ఊదుచు కన్నులు తుడుచుకొను ఇల్లాలికి ఉపాధి యను పేరు తెలియకపోయినను సంగతి తెలియును: నిప్పును తిట్టదు, తడికట్టె తెచ్చినవానిని తిట్టును! లోకవ్యవహారమున ఈ తెలివి మనకు చాల తక్కువ. ఫలానా పాఠశాలలో చదివిన పిల్లలందరును ఉత్తీర్ణులగుచున్నారు, గావున అచ్చటి బోధన శ్రేష్ఠమని తలిదండ్రులు నమ్ముదురు. చేర్చుకొనునప్పుడే తెలివిగల పిల్లలను ఏరి తక్కినవారిని వాకిటినుండియే పంపివేసిరన్న తడికట్టెను వారు చూడరు. ఏరినవారిని ఉత్తీర్ణులను చేయుట వేరు, ఏరనివారిని ఉత్తీర్ణులను చేయుట వేరు. ఈ యొక్క దోషమువలన సామాన్యసంసారులు తమ తలకు మించిన రుసుములు చెల్లించి అప్పులపాలగుట చూచినప్పుడు, అన్నంభట్టు పుస్తకములోని ఆ యొక్క వాక్యము ప్రతి యింటను తెలిసియుండిన ఎంత బాగుండునని తోచును.

పశ్చిమదేశములలో అరిస్టాటిల్ 13 వాదదోషములను చెప్పెను. ఇంగ్లండులో జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథమున, ఎదుటివాడు ఒప్పుకొన్న మాటలనుండియే ఫలితములు లాగి అతనిని నొక్కు యుక్తిని, ఎదుటివాని యజ్ఞానమును ఆధారము చేసికొను యుక్తిని, పెద్దలమీది గౌరవముతో నోరు మూయించు యుక్తిని వేరుచేసి చూపెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన పిదప కళాశాలలలో చదివిన మన పిల్లలు ఈ పేర్లనే నేర్చిరి. కాశీ సంస్కృత కళాశాల యధ్యక్షుడు బాలంటైన్ 19వ శతాబ్ది మధ్యమున తర్కసంగ్రహమును ఆంగ్లీకరించి ఈ రెండు విద్యలను ఒకదానిప్రక్క నొకటి నిలుపుటకు పాటుపడెను గాని, ఆ ప్రయత్నము మన కళాశాలలలో వేరూనలేదు. ఫలితముగ, చదువుకొన్నవానికి పరదేశపు పేర్లును, చదువనివానికి సామెతలును మిగిలినవి. నడుమనున్న శాస్త్రము పాఠశాలల పంచలలో ఒంటరిగ మిగిలినది.

అంతకంటె పెద్ద నష్టము మరియొకటి జరిగినది. పూర్వపు వాదమునకు వాది, ప్రతివాది, సభ్యులు, సభాపతి అని నాలుగు అంగములు. ఎవరు తడబడిరో, ఎవరు దారి తప్పిరో చెప్పుటకు సభ యుండెను. వార్తాపత్రికలు వచ్చిన తరువాత వాదము సభను విడిచి అచ్చుకాగితముమీదికి వచ్చినది. చదువరులు వేలకొలదిగ పెరిగిరి, మధ్యస్థుడు మాత్రము మాయమయ్యెను. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1879లో స్త్రీపునర్వివాహముపై ఉపన్యసింప మొదలిడినప్పుడు, ఉభయపక్షములును పరాశరాది స్మృతివాక్యములను పట్టుకొని శాస్త్రరీతిని పెనగులాడినవి. అది కొంతవరకు వాదమే. ఆ పండితుల పాండిత్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కాని 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిగిన పిమ్మట, పాల్గొన్నవారికి ప్రత్యుత్తరముగ వచ్చినది హేతువు కాదు, వెలి. నూతిలో నీరు తోడుకొననీయక, పురోహితుని రానీయక, బంధువులను దూరముచేసి ఒకని నోరు మూయించుటకు 16 పదార్థములలో ఎచ్చటను చోటు లేదు; జల్పములో లేదు, వితండలో సైతము లేదు. సమాధానము తోచనివాడు ఎదుటివాని కడుపుమీద కొట్టుట మాటల దోషములన్నిటిని దాటిపోయిన దోషము, దానికి పేరు పెట్టవలసి వచ్చునని అక్షపాదుడు తలపలేదు కాబోలు.

నా బాల్యమున మా యూరిలో తర్కము చదివిన శాస్త్రులవా రొకరుండెడివారు. సాయంకాలము వారి యరుగుమీద నేను తర్కసంగ్రహము వల్లెవేయుచుండగా, బోదె నీటినిగూర్చి తగవుపడిన ఇద్దరు రైతులు, ఎగువచేనివాడును దిగువచేనివాడును, వేసవి సాగునాటి యొకనాడు కేకలు వేయుచు వచ్చిరి. ఇద్దరును వరుసకు బావమరదులు. శాస్త్రులవారు పుస్తకము మూసి, ఎగువచేనివానితో, "నీ మాట తర్వాత విందాం. మీ బావ ఏమంటున్నాడో ముందు నువ్వు చెప్పు" అనిరి.

"ఏమంటాడండీ! బోదెలో నీళ్ళన్నీ తనవేనంటాడు."

"నేనట్టా అనలేదండి," అని దిగువచేనివాడు మొత్తుకొనెను.

"అనలేదట. ఇంకోసారి అడిగి కనుక్కుని చెప్పు."

ఇద్దరును కొంతసేపు గొణిగికొనిరి. "నా తూము మూసెయ్యమంటున్నాడండి. మూస్తే నా మళ్ళు ఎండిపోవూ?"

"ఎప్పుడు మూయమన్నాను? సాంతం విను బావా! రాత్రిళ్ళు మూయమన్నాను."

"మూడోసారి," అనిరి శాస్త్రులవారు.

ఎగువచేనివాడు తలపాగా విప్పి చేత పట్టుకొని, ఒక్కొక్క మాటే కూడబలుకుకొనుచు, "రాత్రిపూట మాత్రం నా తూము మూస్తే తెల్లారేలోపు తన మళ్ళు తడుస్తాయంటున్నాడండి," అనెను. "ఔనండి, అంతే," అని రెండవవాడు. మొదటివాడు కొంచెముసేపు నేలవైపు చూచి, "రాత్రిపూటయితే నాకేం పోయింది? ఆ రాయి సరిగా కూర్చోదు గానీ," అనెను. రాయి ఎట్లు కూర్చుండునో చూచుటకు ఇద్దరును చీకటి పడకముందే చేలవైపు నడిచిరి. శాస్త్రులవారు అంతవరకు మడిచియుంచిన మూడు వ్రేళ్ళను విప్పి, పుస్తకము తెరచి, ఎక్కడ ఆపితిమని నన్నడిగిరి.